తిరుగు లెక్క

సెప్టెంబరు 9, మంగళవారం

వెండెల్ బాబాయ్ అట్టపెట్టె తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టాడు. రెండు వందల పద్నాలుగు కార్డులు. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి దింపడానికి మనవాళ్లు నూటయాభై ఏళ్లుగా వాడిన మాటలన్నీ అందులో ఉన్నాయి. వాటిని హంగేరియన్ నుంచి ఇంగ్లీషులోకి తేవాలట. బయటి దేశపు ప్రచురణకర్త ఎవరో వసంతకాలంలోగా కావాలన్నారట.

"ఇంగ్లీషు వచ్చినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా బాబాయ్."

"ఉన్నారు. వాళ్లకి సర్వే రాదు. సర్వే వచ్చినవాళ్లకి ఇంగ్లీషు రాదు. రెండూ వచ్చినదానివి నువ్వొక్కదానివే, ఇదిగో ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నావు."

గోళ్లు గిల్లుకోవడం నిజమే. మే నెలలో నాన్న పోయినప్పటి నుంచి అదే పని.

పద్ధతి సర్వే ఆఫీసులోని పాత లెక్కల గదిది. నాన్నా, బాబాయ్ ముప్ఫై ఏళ్లు ఆ గదిలోనే పనిచేశారు. ఒకరు లెక్క వేస్తారు. ఇంకొకరు ఆ కాగితం చూడకుండా, వచ్చిన జవాబు దగ్గర్నుంచి వెనక్కి వేస్తారు. బయల్దేరిన చోటికే చేరితే ఇద్దరూ సంతకం పెడతారు. ఇప్పుడు మాటలకీ అంతేనట. నేను ఇంగ్లీషు చేస్తాను. నేనెవరో తెలియని ఒక మనిషి నా ఇంగ్లీషుని మళ్లీ హంగేరియన్ చేస్తాడు. అది మొదటి కార్డుతో సరిపోవాలి. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదు. తెలిస్తే మొహమాటాలు మొదలవుతాయంటాడు బాబాయ్.

సరేనన్నాను. కాదనాలంటే కారణం వెతకాలి, అంత ఓపిక లేదు.

తమ్ముడు బార్నా నుంచి కబురు లేదు. నేనూ ఫోన్ చెయ్యలేదు. నాకేం బాధ లేదు. ఆరోజు డాక్టరు చెప్పిందే నేను బార్నాకి చెప్పాను.

సెప్టెంబరు 10

పదకొండు కార్డులు. సూప్ వేడి చేశాను. తినడం మర్చిపోయాను.

సెప్టెంబరు 16, మంగళవారం

కోణం నిలిపేది. విస్తీర్ణం నిలిపేది. పొడవు నిలిపేది. ఏదీ పూర్తిగా నిలపనిది. మన మాటల్లో భూమిని కాగితం మీదికి దింపే ప్రక్షేపణల పేర్లు ఉన్నదున్నట్టు ఉంటాయి, పాలు పోసేవాడికి చెప్పినా తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్లు ప్రతిదానికీ ఒక గ్రీకు గుడ్డ కప్పుతారు. నలభై కార్డుల నుంచి గుడ్డలు కప్పుతూ కూర్చున్నాను.

అన్నీ నిలిపే మ్యాపు లేదు. కోణం కావాలంటే విస్తీర్ణం వదులుకోవాలి. మాకు పలకా బలపం వయసులోనే నాన్న ఈ మాట చెప్పాడు. బార్నా ఏడ్చాడు. వాడికి అన్నీ కావాలి.

నేను ఏడవలేదు. అప్పుడూ లేదు, మే నెలలోనూ లేదు. శ్మశానంలో నాన్న బూడిద ఉన్న కుండని గోడ గూట్లో పెట్టి రాయితో మూస్తుంటే, ఆ సిమెంటు ఆరడానికి ఎంతసేపు పడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. ఆమె గట్టి మనిషి అని పక్కింటావిడ ఎవరితోనో అంది. గట్టితనం కాదు, మొద్దుబారడం. పన్ను పీకడానికి ముందు సూది వేస్తే చెంప ఉంటుంది కానీ మనది కాదు, అలా ఉంది. ఆ మందు ఇంకా దిగలేదు.

సెప్టెంబరు 23, మంగళవారం

తిరుగు కార్డులు మొదటి కట్ట వచ్చింది. బాబాయ్ తెచ్చాడు, వాళ్లావిడ చేసిన పొగాచాలు, చిన్న గుండ్రటి రొట్టెలు, కూడా తెచ్చాడు. పంది చర్మం వేపుడు వేసి చేసింది. రెండు తిన్నాను, ఉప్పుందో లేదో చెప్పలేను.

గళ్ల కాగితం. ఆకుపచ్చ పెన్సిలు. సరిచూసేవాడు ఆకుపచ్చ వాడాలన్నది పాత లెక్కల గది నియమం, అది ఇప్పుడు ఎవరికీ తెలీదు. అంకె నాలుగు, పైన మూత వెయ్యకుండా తెరిచిపెట్టినట్టు రాసి ఉంది. మూత వెయ్యని నాలుగు. నాన్న ఎన్నిసార్లు వేలి మీద కొట్టినా మారని బార్నా నాలుగు.

"చేతిరాత బావుంది కదూ?" అన్నాడు బాబాయ్, పొగాచా నముల్తూ.

"బావుంది."

"మనిషిని పట్టుకోవడానికి నానా తిప్పలూ పడ్డాను. దూరం ఊరు."

"ఏ ఊరు?"

"అది చెప్పకూడదు. నియమం."

"మీరు పెట్టిన నియమమే కదా బాబాయ్."

"అందుకే కదా తప్పకూడనిది. ఇంకోటి తిను, చిక్కిపోయి చీపురుపుల్లలా తయారయ్యావ్."

ఆయన కళ్లలోకి చూశాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఎనభై ఏళ్లొచ్చినా ఈ ముసలాయనకి అబద్ధం ఆడ్డం రాదు, నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం వచ్చు.

సెప్టెంబరు 24

వాడికి తెలీదు. నా కార్డులు టైపు చేసినవి, పేరుండదు. నాకు తెలుసు, వాడికి తెలీదు. అలాగే ఉండనీ.

చిన్నప్పుడు కోపమొస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు నాలుగు నెలల పద్నాలుగు రోజులు. ఆస్పత్రి కారిడార్‌లో వాడు అడిగింది ఒకే ఒక్క మాట: "నిలకడగా ఉందన్నావు కదా?" డాక్టరు చెప్పిందే చెప్పానన్నాను. కుండ పెట్టేరోజు వచ్చి వెనక నిలబడ్డాడు, చెయ్యి కలపకుండా వెళ్లిపోయాడు.

వాడి సంగతి కూడా రాయాలి కదా. నాన్న పోయిన పొద్దున వాడు డెబ్రెసెన్ నుంచి బుడాపెస్ట్‌కి రైలుబండిలో వస్తున్నాడు. ఏడూ ఇరవైకి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి గంట దూరంలో ఉన్నాడు. వచ్చింది పన్నెండింటికి. గంట దూరానికి దాదాపు అయిదు గంటలు. ఎక్కడున్నావురా అంటే నోరు మెదపలేదు. అక్కడ నేనొక్కదాన్నే నాన్న చెప్పులు, కళ్లద్దాలు, పళ్లసెట్టు ప్లాస్టిక్ సంచిలో పెట్టించుకుని సంతకం పెట్టాను. ఆ సంగతి వాడు ఎప్పుడైనా అడిగాడా?

అక్టోబరు 2, గురువారం

ఒక్క కార్డు మీద రోజంతా పోయింది. ముంచిన స్థూపం.

గోళం చుట్టూ కాగితం గొట్టంలా చుడితే, తాకిన చోట కొలత నిజంగా ఉంటుంది, దూరం జరిగేకొద్దీ సాగిపోతుంది. అందుకని మనవాళ్లు గొట్టాన్ని కొద్దిగా గోళంలోకి ముంచారు. అప్పుడు నడిమధ్య కాస్త కుంచించుకుపోతుంది, అంచుల్లో సాగడం తగ్గుతుంది. తప్పు ఎక్కడికీ పోదు, దేశమంతా తలా కొంచెం పంచుకుంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి ఒక సంఖ్య ఉంది, ఒకటి కన్నా వెంట్రుకవాసి తక్కువ. ఆ సంఖ్యలో ముంచడం అనే పనే లేదు. ఎవరో ఒకరు ముంచారు కదా, ఆ చెయ్యి కనపడాలి. చివరికి రెండు వాక్యాలు రాసి వదిలేశాను.

ఇలాంటివి నాన్న మా చేత లెక్క వేయించేవాడు, ఆదివారాలు. నేను వంటింట్లో, బార్నా స్నానాలగదిలో తొట్టి అంచు మీద. రెండు తలుపులూ వేసేవాడు. గంటయ్యాక పిలిచి మధ్యగదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. ఒకరు జవాబు చదవాలి, ఇంకొకరు తమ కాగితం చూసుకుని "సరిపోయింది" అనాలి. సరిపోకపోతే నోరు మూసుకోవాలి. ఎవరిది తప్పో వాళ్లే తేల్చుకోవాలి, వాళ్ల చెయ్యే కొట్టెయ్యాలి. ఒక్క గీత. రబ్బరు పెట్టి తుడవకూడదు. కొట్టేసింది కింద కనబడాలి.

తేడా వచ్చినప్పుడల్లా నాన్న ముందు నా కాగితం వైపే చూసేవాడు. నేను నాలుగేళ్లు పెద్దదాన్ని. అయినా నా కాగితమే.

అక్టోబరు 7, మంగళవారం

నూట పద్దెనిమిదో కార్డు: పాత కొలత నుంచి కొత్త కొలతకి మార్చడం. దీనికి ఒక లెక్క కూడా చేసి చూపించాలి. పాత మ్యాపుల్లో మన ఊరి గెల్లెర్ట్ కొండ మీద నుంచి దక్షిణానికీ పడమరకీ బారల్లో కొలిచేవారు. కొత్తవాటిలో మీటర్లు, ఉత్తరానికీ తూర్పుకీ. రెండు సంఖ్యలిస్తే దేశంలో ఏ చోటైనా దొరుకుతుంది. కొత్త కొలతలో ఒక సంఖ్య ఎప్పుడూ నాలుగు వందల కిలోమీటర్ల లోపే, రెండోది ఎప్పుడూ పైనే వచ్చేలా కట్టారు. ఏ మొద్దావతారమూ రెంటినీ తారుమారు చెయ్యకుండా. మన ఆఫీసుల గురించి తెలిసినవాడే కట్టి ఉంటాడు.

లెక్కకి ఏదో ఒక చోటు కావాలి. ఊరి పెద్ద మ్యాపు తీసి, చేతికొచ్చిన చోటు తీసుకున్నాను.

అక్టోబరు 8

చేతికొచ్చిన చోటు కాదు. ఆస్పత్రి గేటు. గేటు పక్కన పూలమ్మే గుడిసె, దానికీ గోడకీ మధ్య రెండడుగుల సందు. ఆ సందులో నిలబడి వాడికి ఫోన్ చేశాను, నాన్న పోయే ముందురోజు సాయంత్రం ఆరింటికి. ఆ చోటి సంఖ్యలు మీటరు కూడా తప్పకుండా తీశాను.

కార్డు పోస్టులో వెళ్లిపోయింది. వాడు తిరుగు లెక్క వేస్తే అక్కడికే చేరతాడు. చేరితే చేరనీ. నాకేమీ అనిపించడం లేదు.

అక్టోబరు 14

ఏమీ లేదు. వాన.

అక్టోబరు 21, మంగళవారం

బాబాయ్ తలుపు తీసీ తియ్యకముందే మొదలుపెట్టాడు.

"ఏంటమ్మాయ్ ఇది! నూట పద్దెనిమిదిలో అరవై కిలోమీటర్ల తేడా! మన గదిలో అరవై సెంటీమీటర్లు తేడా వస్తే మనిషి వారం రోజులు తలెత్తేవాడు కాదు. మీ ఇద్దర్లో తాగి లెక్క వేసిందెవరు?"

కార్డు చూశాను. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ ఒక్కదాని చుట్టూ బాబాయ్ ఎర్ర సున్నా, పక్కన ఆకుపచ్చ పెన్సిల్‌తో: తేడా ఉంది. నా లెక్క ఇది. కింద రెండు సంఖ్యలు. తూర్పుకి ఏడు వందల ఏడు కిలోమీటర్ల చిల్లర, ఉత్తరానికి రెండు వందల మూడు చిల్లర. మీటర్ల దాకా. మూత లేని నాలుగులు.

తారుమారు కాలేదు. ఒకటి నాలుగు వందల లోపు, ఒకటి పైన. కూడికలో తప్పు కాదు. పొరపాటున వచ్చిన సంఖ్యని ఎవడూ అంత పొందిగ్గా రాయడు.

"వదిలెయ్ బాబాయ్, నేను చూసుకుంటాను," అన్నాను.

"చూసుకో. నాకేం తెలుసు, ముసలాణ్ని," అని టోపీ పెట్టుకున్నాడు. మెట్లు దిగిపోయాడు.

మ్యాపు పరిచి స్కేలు పెట్టాను. తూర్పున, మైదానంలో. డెబ్రెసెన్ లైను మీద. త్సెగ్లేద్. స్టేషను. పెద్ద మ్యాపు తెచ్చి చూశాను: రెండో ప్లాట్‌ఫారం, మధ్యలో.

ఇక్కణ్నుంచి బండిలో గంట దూరం.

అక్టోబరు 22

ఏడూ ఇరవైకి వాడు త్సెగ్లేద్‌లో ఉన్నాడు. నేను ఫోన్ చేసినప్పుడు. వాడు దిగిపోయాడు.

వాడికి తెలిసిపోయింది. నేనెవరో మొదట్నుంచే తెలుసేమో.

నవంబరు 1, శనివారం

వెళ్లలేదు. జ్వరంగా ఉంది. పోయినవాళ్లని తలుచుకునే రోజు, ఊరంతా చామంతులు పట్టుకుని ట్రాముల్లో శ్మశానాలకి పోతోంది, కిటికీలోంచి చూశాను.

నవంబరు 2

జ్వరం లేదు. థర్మామీటరు మూడుసార్లు పెట్టుకున్నాను.

నవంబరు 4, మంగళవారం

కార్డులు అయిపోయాయి. ఇక కలిపి చదవడం ఒక్కటే మిగిలింది. వచ్చే మంగళవారం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడతానన్నాడు బాబాయ్.

"ఫోన్లో చదువుకోవచ్చు కదా?"

"ఫోన్లో చెప్పే లెక్కలు నేను నమ్మను," అన్నాడు.

మామూలుగానే అన్నాడు. టీలో పంచదార కలుపుకుంటూ. నాకు మాత్రం ఆ తర్వాత ఆయన ఏం మాట్లాడాడో ఒక్క ముక్క తలకెక్కలేదు.

అసలు ఆ సాయంత్రం ఫోన్ చేసేటప్పటికి వాడికి బండి లేదు. ఆరు తర్వాత డెబ్రెసెన్ నుంచి సరైన బండి లేదు. అందుకే రేపు రమ్మన్నాను.

నవంబరు 5

ఉంది. టైంటేబిలు వంటింటి తలుపుకే అంటించి ఉంది, నాన్న అంటించాడు. ప్రతి గంటకీ ఉంది. రెండు తర్వాత మొదటిది ఎక్కితే చీకటి పడేలోగా వచ్చేవాడు.

రెండు అని ఎందుకు రాశాను? ఫోన్ చేసింది ఆరింటికి కదా.

నవంబరు 6

ఎందుకంటే డాక్టరు నన్ను కారిడార్‌లోకి పిలిచింది రెండింటికి.

నవంబరు 11, మంగళవారం

వాడు నాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. బాబాయ్ వాళ్ల ముందుగది, తెరలు పక్కకి లాగి ఉన్నాయి, బయట సన్నగా వాన. చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది. కోటు విప్పలేదు.

"ఈవిడ మొదటి లెక్క, ఈయన తిరుగు లెక్క," అని బాబాయ్ పరిచయం చేశాడు, నవ్వకుండా. "ఒకరికొకరు తెలీదు కాబట్టి మొహమాటాలుండవు."

"మీరు చదువుతారా, నన్ను చదవమంటారా?" అన్నాడు బార్నా.

మీరు. నా చేత్తో బూట్ల తాళ్లు కట్టించుకున్నవాడు. "నువ్వే చదువు," అన్నాను.

మొదలుపెట్టాడు. వాడు చదవడం, నేను నా కాగితం చూసుకుని సరిపోయింది అనడం. కోణం నిలిపేది. సరిపోయింది. విస్తీర్ణం నిలిపేది. సరిపోయింది. గొంతు అచ్చం నాన్నదే, చివర కాస్త కిందకి పడుతుంది. ముంచిన స్థూపం దగ్గర, నేను ఒకరోజంతా పెట్టి రాసిన రెండు వాక్యాలు వాడి హంగేరియన్‌లో మళ్లీ ఒకే ఒక్క మాటయ్యాయి. మొదటి కార్డులో ఉన్న మాటే. ఆ ముంచిన చెయ్యి ఇంగ్లీషు దాటి వెళ్లి తిరిగొచ్చింది. సరిపోయింది అన్నాను. అప్పుడొక్కసారి తలెత్తి నా వైపు చూశాడు.

నూట పద్దెనిమిది. వాడు సంఖ్యలు చదివాడు. ఏడు వందల ఏడు. రెండు వందల మూడు. మీటర్లతో సహా.

నేను నోరు మూసుకున్నాను. నియమం అదే.

"సరిపోలేదన్నమాట," అని బాబాయ్ లేచాడు. "ఎవరిది తప్పో మీరే తేల్చుకోండి. నేను టీ నీళ్లు పెడతాను." తలుపు వేసుకుని వెళ్లాడు. నాన్నలాగే తలుపు వేసి వెళ్లాడు.

వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు.

"నాది తప్పు," అన్నాను. "డాక్టరు రెండింటికి చెప్పాడు. రేపటిదాకా ఉండడు, ఇంట్లోవాళ్లందర్నీ పిలిపించండి అన్నాడు. నీకు ఆరింటిదాకా చెయ్యలేదు. చేసినప్పుడు నిలకడగా ఉంది, రేపు రా అన్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"నర్సునడిగాను. అదే రోజు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు అనలేదురా?"

"నేను జవాబు చదివితే నువ్వు సరిపోయిందంటావు. అది నాకెందుకు? నీ లెక్క నువ్వు వెయ్యాలి." చేతిలో పెన్సిల్ని అటూ ఇటూ తిప్పాడు. "ఎందుకు చేశావ్?"

నేను చెప్పాను. ఆ మాట ఈ డైరీలో కూడా రాయలేదు, ఎక్కడా రాయలేదు. నువ్వు గదిలోకి రాగానే నాన్న నీ వైపు తిరుగుతాడు, ఎప్పుడూ అంతే. ఆ ఒక్క సాయంత్రం నాకే కావాలనుకున్నాను. నాన్న చెయ్యి నా చేతిలో ఉంది. నేనొక్కదాన్నే. అంతే.

బార్నా పెన్సిల్ని బల్ల మీద పెట్టాడు.

"నన్నడిగాడా?"

"అడిగాడు."

"ఏమన్నావ్?"

"దారిలో ఉన్నాడన్నాను."

"ఎన్నిసార్లడిగాడు?"

రెండుసార్లు అనబోయాను. "నాలుగు," అన్నాను.

వాడు ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. లేచి వెళ్లి పట్టుకోవాలని తెలుసు. బల్లకి ఇటువైపే కూర్చున్నాను.

"త్సెగ్లేద్‌లో దిగాను," అన్నాడు కొంతసేపటికి, చేతులు తియ్యకుండానే. "నీ ఫోనొచ్చాక. ఆ బండి వెళ్లిపోయింది. తర్వాత ఇంకో మూడు వచ్చాయి. ఎక్కితే చేరిపోతాను కదా. చేరితే చూడాలి. ఎవరో ఆడమనిషి నీళ్లిచ్చింది. నువ్వేమో ఎక్కడ చచ్చావురా అన్నావ్."

అన్నాను. అలాగే అన్నాను. పళ్లసెట్టు సంచి వాడి మొహం ముందు ఊపుతూ అన్నాను.

నా కార్డు తీసుకుని, ఆస్పత్రి గేటు సంఖ్యల మీద ఒక గీత గీశాను. ఒక్కటే. కింద కనబడేలా. గీత వంకర పోయింది. పక్కన సంతకం పెట్టాను. వాడు తీసుకుని, చూసి, సరిచూసినవారు అన్న గడిలో తన పేరు రాశాడు. పరవాలేదు అనలేదు. నేనూ ఆశించలేదు, లేదు, ఆశించాను.

బాబాయ్ టీ తెచ్చాడు. కార్డు చూశాడు.

"అయితే అచ్చులోకి త్సెగ్లేద్ పోతుందన్నమాట."

"ఏదో ఒక చోటు ఉండాలి కదా," అన్నాడు బార్నా. ముక్కు చీదుకుని, "నూట పందొమ్మిది," అని చదవడం మొదలుపెట్టాడు. రెండు వందల పద్నాలుగూ చదివాం. చివరికి నా గొంతు పోయింది.

మెట్ల దగ్గర గొడుగు తెరుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "శనివారం పొద్దున ఆ ప్లాట్‌ఫారం మీద ఉంటాను. ఏడూ ఇరవైకి."

రమ్మనలేదు. టైము మాత్రం చెప్పాడు.

నవంబరు 12

సెప్టెంబరు తొమ్మిది పేజీ తీసి, చివరి వాక్యం మీద ఒక గీత గీశాను. ఇరవై నాలుగో తారీకున మళ్లీ రాసిందాని మీద ఇంకో గీత. నాలుగో తారీకు బండి సంగతి మీద కూడా. కింద కనబడుతున్నాయి.

మధ్యాహ్నం సూప్ తిన్నాను. ఉప్పెక్కువైంది.

నవంబరు 15, శనివారం

తెల్లవారుజామునే బుడాపెస్ట్‌లోని న్యుగతి స్టేషన్లో బండెక్కాను. పెట్టెలో ఎవరో వెల్లుల్లి సాసేజి విప్పారు, ఆ వాసన త్సెగ్లేద్ దాకా వచ్చింది. మైదానం మీద మంచు. దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను: ఇంగ్లీషులో ఆ పుస్తకం చదివేవాడు ఎవడైనా, ఎక్కడివాడైనా, నూట పద్దెనిమిదో లెక్క సరిగ్గా వేస్తే ఈ ప్లాట్‌ఫారం మీదకే వస్తాడు. చుట్టూ చూస్తాడు, ఏమీ కనపడదు, తర్వాతి లెక్కకి పోతాడు.

వాడు ముందే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మధ్యలో, బెంచీకి నాలుగడుగుల దూరంలో, జేబుల్లో చేతులు పెట్టుకుని. నన్ను చూసి కదల్లేదు. నేనే నడిచి వెళ్లాను. డెబ్రెసెన్ వైపు బండి ఒకటి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఇద్దరం ఎక్కలేదు. చెంపలో మందు దిగుతున్నట్టు మొహమంతా నొప్పి పుట్టింది. కళ్లు తుడుచుకోవడానికి చేతిగుడ్డ లేదు, వాడు తన మఫ్లరు అంచు ఇచ్చాడు.

వాడు కాలితో నేల మీద చిన్నగా తట్టాడు.

"ఇక్కడే, అక్కా," అన్నాడు.

వెళ్లి పక్కన నిలబడ్డాను. ఎటు చూశాడో అటు చూశాను. పట్టాలు, సిగ్నలు, మంచు, అటు చివర బుడాపెస్ట్.

"సరిపోయింది," అన్నాను.